తగరపు సిరను ఉన్నితో నిలబెట్టడం: కార్న్‌వాల్‌లో ఒక సామూహిక వస్త్రశిల్పం తయారీ

ఇంగ్లండ్ నైరుతి కొసన, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల కార్న్‌వాల్. అక్కడి కాంబోర్న్, రెడ్రూత్ ఊళ్ల చుట్టుపక్కల వాళ్లు కలిసి కుట్టిన వేలాడే శిల్పం గురించి ఈ కేస్ స్టడీ. ఎత్తు 3.4 మీటర్లు. వెడల్పు పైన 2.2 మీటర్లు, కింద 1.1 మీటర్లు. మందం 0.6 మీటర్లు, మొత్తం బరువు సుమారు 28 కిలోలు. నేలను నిలువునా కోస్తే కనబడే ఖనిజ సిర, అంటే రాతి చీలికలో ఖనిజం నిండిన పట్టీ, దీని ఆకారం. ఉన్ని ఫెల్టు (నేయకుండా, తడిపి రుద్ది పోగులు పెనవేసిన మందపాటి గుడ్డ), గోనెగుడ్డ, తుప్పు రంగు పట్టించిన నూలుగుడ్డ, రాగితీగ ఇందులో ముడిసరుకు. వాటి మీద ఆ నేల సొంత భాష కార్నిష్‌లో కుట్టిన మాటలు. చుట్టూ తిరిగి చూసేలా హాలు మధ్యలో వేలాడుతుంది.

పదిమంది చేసే పనిలో ఏ రెండు చేతుల కుట్టూ ఒకేలా ఉండదు. ఒకరి ఫెల్టు బిగుతుగా, ఇంకొకరిది వదులుగా వస్తుంది. ఎనభై ఏళ్ల పెద్దావిడ కుట్టు సన్నగా ఉంటుంది, ఎనిమిదేళ్ల పిల్లాడిది అడ్డదిడ్డంగా పోతుంది. ఆ తేడాలను ఇంటికి తీసుకెళ్లి విప్పి మళ్లీ కుట్టే నిర్వాహకులు ఉన్నారు. అది చేసినవాళ్లకు అవమానం, శిల్పానికీ నష్టం. ఎవరి పనీ సరిదిద్దక్కర్లేకుండా బరువును, అంచులను, అక్షరాలను ముందే ఎలా ఏర్పాటు చేసుకోవాలన్నదే అసలు డిజైన్. కింది కొలతలు, లెక్కలన్నీ దాని కోసమే.

సిర ఎందుకు, ఏ క్రమంలో

కార్న్‌వాల్ గని అనగానే అందరికీ తోచేది కొండకొమ్మున పొగగొట్టంతో నిలబడ్డ రాతి ఇంజన్ హౌస్, అంటే గని ఆవిరి యంత్రం ఉండే కట్టడం. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన ఈ గనుల ప్రాంతానికి అదే గుర్తు. కానీ ఇంజన్ హౌస్ ఆకారాన్ని గుడ్డతో చేస్తే అది బొమ్మగానే మిగులుతుంది. గుడ్డకు బాగా ఒప్పేది పొరలు. నేల కూడా పొరలే.

ఇక్కడి సిరలు గ్రానైటుకు, స్థానికంగా కిల్లస్ అని పిలిచే పలకరాయికి మధ్య, దాదాపు నిలువుగా దిగుతాయి. పైభాగంలో గాలి, నీరు తగిలి తుప్పుపట్టిన ఎర్రటి పొర ఉంటుంది, దాన్ని గాసన్ అంటారు. దాని కింద చాలా గనుల్లో రాగి, ఇంకా లోతున తగరం దొరికేవి. కాంబోర్న్ దగ్గరి డోల్‌కోత్ గని ఈ క్రమానికి పేరుపడ్డది. రాగి గనిగా పెద్దదై, రాగి తరిగాక కింద తగరం తగిలి, చివరికి వెయ్యి మీటర్లకు పైగా లోతుకు వెళ్లింది. శిల్పంలోని ఐదు పట్టీలు ఇదే వరుసలో ఉంటాయి: పైన పొదల బయలు, తర్వాత గాసన్, రాగి, తగరం, అడుగున నీళ్లు.

రంగుల దగ్గర ఒక జాగ్రత్త ఉంది. రాగి పట్టీకి అందరూ పచ్చ ఉన్ని, తగరం పట్టీకి వెండి జరీదారం తెస్తారు. గనిలో రంగులు అలా ఉండవు. ఇక్కడ రాగి ఎక్కువగా దొరికిన ఖనిజం చాల్కోపైరైట్, అది ఇత్తడి పసుపు. పచ్చదనం గాలి తగిలిన చోటే వస్తుంది. తగరపు ఖనిజం కాసిటరైట్ ముదురు గోధుమ, నలుపు రంగుల్లో ఉంటుంది. తెల్లగా మెరిసే లోహం కరిగించాకే. అందుకే మొదటి సమావేశంలో రంగు ఉన్ని ఉండలు కాకుండా స్థానిక మ్యూజియం వాళ్ల ఖనిజం ముక్కలు బల్ల మీద పెట్టాలి. వాటిని చేత్తో తిప్పి చూసినవాళ్లు ఉన్నిని వాళ్లంతట వాళ్లే మార్చుకుంటారు. తగరం పట్టీని నల్ల ఫెల్టుతో చేసి, దాని మీద అక్షరాలు తెల్లదారంతో కుట్టడం ఇలా కుదిరింది. తగరపు పనివాళ్ల పోషక సాధువు సెయింట్ పిరాన్ జెండా కూడా నలుపు మీద తెల్ల శిలువే కాబట్టి, ఎవరూ చెప్పకుండానే ఆ పట్టీ ఊరివాళ్లకు తమదిగా తోచింది.

చట్రం: బరువంతా లోహానిదే

గుడ్డ తన బరువు తాను మోయగలదని నమ్మితే ఇలాంటి శిల్పం మూడు నెలల్లో కిందికి జారిపోతుంది. గోనె ముఖ్యంగా. జనపనార గాలిలోని తేమ పీల్చుకుని సాగుతుంది, ఆరాక పూర్తిగా వెనక్కి రాదు. సముద్రగాలి కొట్టే కార్న్‌వాల్‌లో ఇది ఇంకా ఎక్కువ.

అందుకని ఐదు కోడిగుడ్డు ఆకారపు వలయాలు చేయించాం. 20 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న అల్యూమినియం గొట్టం అది. పై వలయం 2.2 మీటర్ల వెడల్పు, కింది వలయం 1.1. ఐదింటికీ కలిపి సుమారు 19 మీటర్ల గొట్టం, 6 కిలోల లోపు బరువు. వలయానికీ వలయానికీ 85 సెం.మీ. దూరం. నాలుగు 3 మి.మీ. స్టీలు వైర్‌రోప్‌లు పై నుంచి కిందిదాకా దిగుతాయి. ప్రతి వలయం దగ్గర ఒక బిగింపు క్లాంపు ఉంటుంది. బిగింపులు వదిలితే మొత్తం శిల్పం మడతపడి, 2.3 మీటర్ల పొడవున్న పెట్టెలో సరిపోతుంది. చిన్న ఊళ్ల హాళ్ల తలుపులు, వ్యాన్ల వెనక తలుపులు చూసుకుని తీసుకున్న కొలత ఇది.

వలయాల మధ్య గోనె తెర. చదరపు మీటరుకు 300 గ్రాముల రకం, అతుకులు కలుపుకుని 15 చదరపు మీటర్లు, అంటే నాలుగున్నర కిలోలు. గోనె వెనక ప్రతి 20 సెం.మీ.కు ఒక 25 మి.మీ. ట్విల్ నాడా నిలువుగా, పై వలయం నుంచి కింది వలయం దాకా. బరువు ఈ నాడాల మీద పడుతుంది, గోనె మీద కాదు. పలకల్ని కుట్టేటప్పుడు ఒక్కో పలకలో కనీసం ఒక కుట్టు వరుస నాడాలోంచి పోవాలి. వర్క్‌షాప్‌లో కొత్తగా చేరినవాళ్లకు మొదట నేర్పాల్సింది ఈ ఒక్క నియమమే.

గోనె వాడటానికి ఇంకో కారణం ఉంది. గని పైన రాళ్లు పగలగొట్టి, ఖనిజాన్ని ఏరి వేరుచేసిన ఆడవాళ్లను, అమ్మాయిలను బాల్ మెయిడెన్స్ అనేవారు. కార్నిష్‌లో బాల్ అంటే గని. వాళ్లు నడుముకు కట్టుకున్నది గోనె ముందుగుడ్డే. తలకు దుమ్ము, ఎండ తగలకుండా గూక్ అనే నూలు టోపీ పెట్టుకునేవారు. పెద్ద బండల్ని పొడవాటి సుత్తితో పగలగొట్టడం ఒక పని, చిన్న సుత్తితో మంచి ఖనిజాన్ని రాయి నుంచి కొట్టి వేరుచేయడం ఇంకో పని, పిండి చేయడం మరొకటి. ఒక్కో పనికి ఒక్కో పేరు, ఒక్కో కూలి. శిల్పంలో ఈ గోనెను దాచకూడదు. పలకల మధ్య అక్కడక్కడా నాలుగైదు వేళ్ల వెడల్పున గోనెను ఉన్నదున్నట్టు కనబడనిచ్చాం.

ఫెల్టు పలకలు: ముడుచుకోవడమే సమస్య

మొత్తం 90 పలకలు. ఒక్కోదానికి 80 గ్రాముల చిక్కుతీసిన ఉన్ని, 45 సెం.మీ. చదరంలో, నాలుగు పల్చటి పొరలుగా, ఒక పొర అడ్డంగా, ఒక పొర నిలువుగా. మీద సన్నటి నెట్టు గుడ్డ కప్పి, చేతికి ఓర్చుకునేంత వేడి సబ్బునీళ్లు చిలకరించి, ముందు తేలిగ్గా అదమాలి. ఉన్ని కలిసిందో లేదో చూడటానికి పై పోగుల్ని రెండు వేళ్లతో గిల్లి లేపాలి. విడి పోగులు లేస్తే ఇంకా కాలేదు. పొర మొత్తం లేస్తే బబుల్‌రాప్‌లో చుట్టి దొర్లించొచ్చు. నాలుగు దిక్కుల నుంచీ వందేసి సార్లు. చివర్లో వేడినీళ్లలో ముంచి బల్లకేసి కొట్టడం. 45 సెం.మీ. పలక 32 సెం.మీ. దాకా ముడుచుకుంటుంది.

ముడుచుకుంటుంది అన్నది సగటు మాట. బలంగా రుద్దేవారి చేతిలో 29 సెం.మీ.కు దిగుతుంది, మెల్లగా చేసేవారిది 36 దగ్గర ఆగుతుంది. అందరికీ 32 రావాలని పట్టుబడితే సగం మంది రెండోసారి రారు. ఇందుకు విరుగుడుగా పలకలకు కచ్చితమైన కొలత పెట్టలేదు, కనీస కొలత ఒక్కటే: 28 సెం.మీ. కంటే చిన్నది కాకూడదు. అంచుల్ని కత్తిరించకుండా ఒకదాని మీద ఒకటి 3 నుంచి 6 సెం.మీ. ఎక్కిస్తారు. బిగుతు పలకలు కింద, వదులు పలకలు పైన. సిరలోని రాయి కూడా సరళరేఖల్లో ఉండదు కాబట్టి ఈ ఎక్కింపు కంటికి సహజంగానే ఉంటుంది.

ఉన్ని ఎంపిక ఇంకో చిక్కు. స్థానిక గొర్రెల ఉన్నే వాడాలని ఊరివాళ్ల పట్టుదల, అది న్యాయమైనదే. అయితే సఫోక్ లాంటి డౌన్ జాతుల సంకరం ఉన్న మందల ఉన్ని ఎంత రుద్దినా ఫెల్టు కాదు. పోగు గట్టిగా వంకీలు తిరిగి స్ప్రింగులా వెనక్కి లేస్తుంది. డెవన్ అండ్ కార్న్‌వాల్ లాంగ్‌వుల్ జాతి ఉన్ని కలుస్తుంది కానీ బొచ్చు బయటికి పొడుస్తుంది. గాసన్ పట్టీకి ఆ బొచ్చు చక్కగా సరిపోయింది, అక్షరాలు కుట్టాల్సిన పలకలకు పనికిరాలేదు. చివరికి కుదిరిన పద్ధతి ఇది: కింది మూడు పొరలు మెరీనో గొర్రెల మెత్తటి ఉన్ని, పై పొర స్థానిక లాంగ్‌వుల్. కలవని సఫోక్ ఉన్నినంతా శిల్పం మీద కట్టే గుడ్డ రాళ్ల లోపల కూరడానికి వాడాం. దుకాణంలో కొన్నది కాకుండా రైతు ఇచ్చిన ఉన్ని ఏదైనా, కడిగి ఆరబెట్టాక మూసిన సంచిలో సున్నాకు 18 డిగ్రీల దిగువన రెండు వారాలు ఫ్రీజర్‌లో ఉంచాలి. చిమ్మటపురుగు గుడ్లు ఒక్క పలకలో వచ్చినా శిల్పమంతా పోతుంది.

కీళ్ల నొప్పులున్నవాళ్లకు రుద్దడం కష్టం. వాళ్లు ఉన్నిదారంతో వదులుగా అల్లిన పలకల్ని వాషింగ్ మెషీన్‌లో 60 డిగ్రీల దగ్గర వేస్తే అవీ ఫెల్టు అవుతాయి. దారం చుట్ట మీద సూపర్‌వాష్ (ఉతికినా ముడుచుకోకుండా తయారుచేసినది) అని ఉంటే మాత్రం కాదు.

తుప్పు రంగు, నేలలోని విషం

వారసత్వం మీద పనిచేసే బృందాలన్నీ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న: గని దిబ్బల మీది ఎర్రమట్టితోనే గుడ్డకు రంగు వేద్దామా? వేయకూడదు. కార్న్‌వాల్ తగరపు ఖనిజంతో పాటు ఆర్సెనిక్ వచ్చేది. దాన్ని కాల్చి వేరుచేసి అమ్మేవారు కూడా. బొటాలక్‌లో ఆర్సెనిక్ పొగను చల్లార్చి పట్టుకున్న రాతి గదుల మెలికలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఆ దిబ్బల మట్టి పొడి గాల్లోకి లేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పిల్లల గోళ్లలోంచి నోట్లోకి పోతుంది. పైగా చాలా దిబ్బలు రక్షిత స్థలాలు, అనుమతి లేకుండా గుప్పెడు మట్టి తీసినా నేరమే. దుకాణంలో అమ్మే ఓకర్ (రంగుమట్టి) పొడిని సోయాపాలలో కలిపి కుంచెతో పూసి, రెండు మూడు వారాలు ఆరనిస్తే అదే రంగు వస్తుంది, గుడ్డను పట్టుకునీ ఉంటుంది.

తుప్పు ముద్రలకు మాత్రం నిజమైన ఇనుమే వాడాం. పాత మేకులు, గొలుసు ముక్కలు, కొలిమి తుక్కు. జింకు పూత ఉన్న మేకులు పనికిరావు. పాత పెయింటు ఉన్నవాటిని ముట్టుకోకూడదు, అందులో సీసం ఉండొచ్చు. తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి, నూలు లేదా నార గుడ్డను తడిపి, ఇనుము చుట్టూ గట్టిగా కట్టి, ప్లాస్టిక్ సంచిలో వదులుగా మూసి ఒకటి రెండు రోజులు ఉంచాలి. సంచి పూర్తిగా బిగిస్తే గాలి అందక తుప్పు పట్టదు, తెరిచి ఉంచితే ఆరిపోతుంది. విప్పాక బాగా జాడించి, లీటరుకు 10 గ్రాముల వంటసోడా కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి, మళ్లీ కడగాలి.

ఈ సోడా మెట్టును చాలామంది వదిలేస్తారు. పులుపు గుడ్డలో మిగిలిపోతే, ఇనుము దానితో కలిసి నూలు పోగును తినేస్తుంది. కొన్నేళ్లు తిరిగేసరికి గుడ్డ ముట్టుకుంటే పొడిగా రాలుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో తుప్పిన ఇనుమును బెల్లంతో పులియబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద నల్లగీతలు గీస్తారు కదా, పాత కలంకారీ తెరల్లో సరిగ్గా ఆ నల్లగీతల వెంబడే గుడ్డ చిరిగిపోయి ఉండటం మ్యూజియాల్లో చూడొచ్చు. అక్కడా ఇక్కడా కారణం ఇనుమే. కాబట్టి రెండు నియమాలు పెట్టుకున్నాం. తుప్పు గుడ్డ ఎక్కడా బరువు మోయకూడదు, ప్రతి ముక్క వెనకా రంగు వేయని నూలు గుడ్డ ఉండాలి. ప్రతి విడతలోంచీ 5 సెం.మీ. వెడల్పు పట్టీ ఒకటి ఆరాక చేత్తో లాగి చూడాలి. రంగు వేయని పట్టీ కంటే తేలిగ్గా చిరిగితే ఆ విడత మొత్తం పక్కన పెట్టాలి, ఎంత అందంగా ఉన్నా సరే.

తుప్పు ముక్కకు, తెల్లదారం కుట్టిన పలకకు మధ్య ఒత్తుగా నేసిన నూలు గుడ్డ అడ్డు ఉండాలి. లేకపోతే తేమ రోజుల్లో గోధుమరంగు మరక పాకుతుంది. రాగితీగ విషయమూ అంతే. 0.5 మి.మీ. వట్టి తీగ ఉప్పుగాలికి పచ్చబడి పక్క గుడ్డకు అంటుతుంది. వార్నిష్ పూత ఉన్న తీగ వాడితే ఈ బాధ లేదు. మోటారు వైండింగ్ షాపులో దొరికేది ఆ తీగే.

అక్షరాలు: సూది పట్టకముందే తేల్చుకోవాల్సినవి

కార్నిష్ బ్రిటనీ, వేల్స్ భాషలకు దగ్గరి చుట్టం. మౌస్‌హోల్ గ్రామపు డాలీ పెంట్రీత్ 1777లో చనిపోయాక మాతృభాషగా మాట్లాడేవాళ్లు అంతరించారని చాలాకాలం చెప్పుకున్నారు. 1904లో హెన్రీ జెన్నర్ కార్నిష్ పాఠ్యపుస్తకం వేశాక పునరుద్ధరణ మొదలైంది. 2002లో బ్రిటన్ ప్రభుత్వం ఐరోపా ప్రాంతీయ భాషల చార్టర్ కింద గుర్తించింది. 2008లో ఒక ఉమ్మడి లిపిక్రమం మీద ఒప్పందం కుదిరింది. 2010లో యునెస్కో దీన్ని అంతరించిన భాషల జాబితా నుంచి తీసి, తీవ్ర ప్రమాదంలో ఉన్న భాషగా మార్చింది. 2011 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్‌లో కలిపి 557 మంది తమ ప్రధాన భాష కార్నిష్ అని రాశారు.

మాట్లాడేవాళ్లు తగ్గినా గనుల్లో మాటలు మిగిలాయి. గాసన్, రాయిలోని బోలును చెప్పే వగ్, పనికిరాని రాతితుక్కును చెప్పే ఆటల్, ఇవన్నీ కార్నిష్ నుంచి గనివాళ్ల ఇంగ్లీషులోకి వచ్చి నిలిచినవి. జియాలజీ చదివిన తెలుగు విద్యార్థి కూడా గాసన్, వగ్ అన్న మాటలు క్లాసులో రాసుకునే ఉంటాడు. శిల్పానికి మాటల జాబితా తయారుచేసేటప్పుడు ఈ గని మాటల నుంచే మొదలుపెట్టాం. అవి ఊళ్లో పెద్దవాళ్లకు ఇప్పటికే తెలుసు. అక్కణ్నుంచి స్టెన్ (తగరం), కోబర్ (రాగి), మేన్ (రాయి), టీర్ (నేల), మోర్ (సముద్రం) లాంటి మాటలకు వెళ్లడం తేలిక.

కుట్టడానికి ముందు మూడు సంగతులు తేలాలి.

ఒకటి, స్పెల్లింగు. ఉమ్మడి లిపిక్రమంలోనే రెండు రకాలు అనుమతించారు. గనిపని అనే అర్థమున్న హ్వేల్‌ను ఒక పద్ధతిలో హెచ్‌తో మొదలుపెడితే, సంప్రదాయ పద్ధతిలో డబ్ల్యూతో మొదలుపెడతారు. మ్యాపుల మీద వీల్ జేన్, వీల్ కోట్స్ అని గనుల పేర్లలో కనబడేది ఇంకో రూపం. ఒకే శిల్పంలో మూడూ కలిస్తే తెలిసినవాళ్లు మొదట చూసేది అదే. ఊళ్ల, గనుల పేర్లు మ్యాపులో ఉన్నట్టే రంగు వేయని బూడిదరంగు ఉన్నితో, మిగతా మాటలన్నీ ఉమ్మడి లిపిక్రమంలో ముళ్లపొద పూల పసుపుతో కుట్టాలని నిర్ణయించాం. నల్ల తగరం పట్టీలో మాత్రం పసుపు బదులు తెలుపు. భాషా ప్రమాణాలు చూసే అకాడెమీ కెర్న్యూవెక్ నిఘంటువుతో ప్రతి మాటనూ సరిచూసి, ఒక భాషా ఉపాధ్యాయుడి చేత జాబితా మీద సంతకం పెట్టించాకే కాగితాలు పంచాలి.

రెండు, మొదటి అక్షరం మారడం. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములైనట్టే, కార్నిష్‌లోనూ ముందు మాటను బట్టి రెండో మాట మొదటి హల్లు సరళమవుతుంది. ఊరు అనే ట్రే ముందు, ఇంగ్లీషులో ది లాంటి ఆన్ చేరితే ఆన్ డ్రే. పొదల బయలు అనే గోన్ ముందు చేరితే ఆన్ వోన్. స్త్రీలింగ ఏకవచనాలకు ఇలా జరుగుతుంది, స్టెన్, మోర్ లాంటి పుంలింగాలకు జరగదు. గసడదవాదేశ సంధి చదువుకున్న తెలుగువాళ్లకు ఇది వింతగా అనిపించదు, ఇంగ్లీషు ఒక్కటే వచ్చినవాళ్లకు మాత్రం అచ్చుతప్పులా తోస్తుంది. ఇంట్లో కుట్టుకునేవాళ్లు డిక్షనరీ చూసి డ్రే‌ను మళ్లీ ట్రేగా మార్చి తెస్తారు. దీనికి మందు ఒకటే: విడి మాట కాకుండా కుట్టాల్సిన పదబంధం మొత్తాన్ని అసలు సైజులో అచ్చువేసి ఇవ్వాలి, కింద ఎర్రసిరాతో ఇలాగే కుట్టండి అని రాయాలి.

మూడు, కనబడటం. 3 మీటర్ల దూరం నుంచి చదవాలంటే అక్షరం ఎత్తు కనీసం 2.5 సెం.మీ. ఉండాలి. ఈ శిల్పాన్ని 7 మీటర్ల దాకా దూరం నుంచి చూస్తారు కాబట్టి 6 సెం.మీ. పెట్టుకున్నాం. ఫెల్టు మీద సన్న దారంతో కాడకుట్టు వేస్తే బొచ్చులో మునిగిపోతుంది. లావుపాటి ఉన్నిదారంతో గొలుసుకుట్టు వేయాలి, కుట్టు పొడవు 8 మి.మీ. మించకూడదు. ఫెల్టు మీద చాక్ నిలవదు. పల్చటి టిష్యూ కాగితం మీద అక్షరాలు గీసి, పలక మీద కచ్చా కుట్టుతో నిలిపి, కాగితంలోంచే కుట్టి, తర్వాత కాగితం చింపేస్తే సరి. నీళ్లలో కరిగే ఫిల్మ్ వాడితే పలక మళ్లీ తడిసి ముడుచుకుంటుంది.

రెడ్రూత్ పేరున్న పలకకు ఇంకో మాట చెప్పాలి. ఆ పేరులో మొదటి ముక్క రేవు, రెండోదే ఎరుపు. పిల్లలు సహజంగా మొదటి ముక్కను ఎర్రదారంతో మొదలుపెడతారు. రెండో ముక్కకు ఎర్రదారం ఎందుకో అచ్చుకాగితంలోనే రాసిపెడితే, కుట్టినంతసేపూ ఆ అర్థం చేతిలో ఉంటుంది.

వెనక వైపు

ముందు భాగం సిర అయితే వెనక భాగం నీళ్లు, వలసలు. 1748లో మొదలైన గ్రేట్ కౌంటీ అడిట్, గ్వెన్నాప్ పరిసరాల గనుల నీటిని కార్నన్ లోయలోకి పారించే సొరంగాల అల్లిక. చివరికి మొత్తం పొడవు 60 కిలోమీటర్లు దాటింది. దాన్ని నీలి బూడిద రంగు తాళ్లతో, పక్కల నుంచి కిందికి జారి ఒకే కట్టగా కలిసేలా చేశాం. కట్ట చివర కాషాయ రంగు. 1992 జనవరిలో, మూసేసిన వీల్ జేన్ గని నుంచి లోహాలు కలిసిన ఆమ్లపు నీరు కార్నన్ నదిలోకి పొంగి, నీళ్లు నారింజ రంగుకు తిరిగిన సంగతి ఇక్కడి నడివయసు వాళ్లందరికీ కళ్లారా తెలుసు. వారసత్వం పేరుతో అందమైన భాగమే చూపిస్తే నేల గురించి సగమే చెప్పినట్టు. 1998లో మూతపడ్డ సౌత్ క్రాఫ్టీ గనిని మళ్లీ తెరవడానికి 2023 నుంచి నీళ్లు తోడుతున్నారు. దీని మీద కుట్టేవాళ్లలో రెండు అభిప్రాయాలున్నాయి. రెండింటికీ చోటు ఉండాలని నీళ్ల పట్టీలో పలకలకు విషయం నిర్దేశించకుండా వదిలేశాం.

పందొమ్మిదో శతాబ్దంలో, ముఖ్యంగా 1866లో రాగి ధర కూలాక, వేల కుటుంబాలు వలసపోయాయి: దక్షిణ ఆస్ట్రేలియాలోని మూంటా, కాలిఫోర్నియాలోని గ్రాస్ వ్యాలీ, మెక్సికోలోని రియల్ డెల్ మోంటే. ఆ వరుసలో కోలార్ కూడా ఉంది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ అక్కడి బంగారు గనుల్ని చేతిలోకి తీసుకున్నాక కార్నిష్ మేస్త్రీలు, కెప్టెన్లని పిలిచే గని పర్యవేక్షకులు వచ్చారు. కింద రాయి తొలిచినవాళ్లలో తమిళులు, చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు ఎందరో. వలస పట్టీల్లో సాధారణంగా కార్నిష్ పేర్లే ఉంటాయి. కోలార్ పలక మీద మాత్రం తెలుగు, తమిళం, కన్నడ లిపుల్లో గని అన్న మాట కూడా ఉండాలి. 2001లో ఆ గనులు మూతపడ్డాక మిగిలిన సయనైడ్ దిబ్బల బూడిదరంగే దానికి నేపథ్యం.

కూర్పు, నిప్పు, వేలాడదీత

పలకల్ని నేలమీద పరిచి గోనెకు కుట్టి, తర్వాత పైకి లేపితే ప్రతి పలక కింద సంచిలా వేలాడుతుంది. పడుకున్న గుడ్డ కొలత వేరు, నిలబడ్డ గుడ్డ కొలత వేరు. చట్రాన్ని ముందే వేలాడదీసి, రెండు రోజులు గోనెను తన బరువుకు సాగనిచ్చి, అప్పుడు కింది నుంచి పైకి, నడిమి నుంచి పక్కలకు కుట్టుకుంటూ పోవాలి. వంకర సూది, మైనం పట్టించిన నార దారం, ఒక్కో పలకకు కనీసం 12 చోట్ల ముడి. ఆటల్ రాళ్ల లాగా ఉన్ని కూరిన ముద్దలు ఒక్కోటి 60 గ్రాములు మించకుండా, నాడా ఉన్న గీత మీదే కట్టాలి.

బహిరంగ హాళ్లలో నిప్పు పరీక్ష తప్పదు. ఉన్ని తనంతట తాను అంత తేలిగ్గా అంటుకోదు, గోనె, నూలు అంటుకుంటాయి. అమ్మోనియం లవణాల ద్రావణం చల్లితే పని జరుగుతుంది కానీ తడి తగిలితే కొట్టుకుపోతుంది, తుప్పు రంగును మారుస్తుంది, రాగిని తింటుంది. అందుకే బ్రిటన్‌లో తెరలకు వర్తించే బీఎస్ 5867 రెండో భాగం ధ్రువపత్రం ఉన్న, ఫ్యాక్టరీలోనే మందు పట్టించిన గోనె, నాడాలు కొన్నాం. వాటిని తర్వాత ఎప్పుడూ తడపకూడదు. రంగు, సబ్బు, తడి ఉన్న పనులన్నీ పలకల మీదే, పలకలు పూర్తిగా ఆరాకే గోనెను తాకాలి. పలకల నమూనాలను ఆరుబయట, నీళ్ల బకెట్ పక్కన పెట్టుకుని, పది సెకన్లు మంట చూపి, మంట తీశాక ఆరిపోతుందో లేదో చూసుకోవాలి. తుప్పు గుడ్డ ఆరిపోకపోతే ఒక్కోటి అరచేతి కంటే చిన్న ముక్కలుగా, దూరదూరంగా వాడాలి.

హాలు దూలం 28 కిలోలు మోస్తుందా అన్నది ఇంజనీరు చెప్పాలి. నాలుగు రోప్‌లలో ఏ రెండు తెగినా మిగతావి మోసేలా లెక్క ఉండాలి, విడిగా ఒక భద్రతా గొలుసు ఉండాలి. కింది వలయం నేలకు 40 సెం.మీ. పైన. అంతకంటే కిందికి దింపితే తుడిచే చీపురు, పిల్లల బూట్లు తగులుతాయి. పైకి లేపితే అడుగు పట్టీ మాటలు చిన్నపిల్లలకు అందవు. చుట్టూ తాడు కట్టడం కంటే, ఒక పక్కన ముట్టుకోవడానికి ఆరు విడి పలకలు బల్ల మీద పెడితే శిల్పం మీద చేతులు పడటం బాగా తగ్గుతుంది. దీపం వెలుగు 50 లక్స్ (వెలుగు కొలమానం) దగ్గర, అంటే మసకగా ఉంచాలి. ఎండ తగిలే కిటికీకి ఎదురుగా పెడితే మొదట వెలిసేది పసుపే, అంటే మాటలే ముందు పోతాయి.

నెలకోసారి వెనక వైపు నుంచి నాడాల్ని చేత్తో తడిమి చూడాలి. ఒక నాడా మిగతావాటికంటే వదులుగా ఉంటే దాని పక్క నాడా ఎక్కువ బరువు మోస్తోందని అర్థం. మెత్తటి బ్రష్, పైన నెట్టు కట్టిన వాక్యూమ్ గొట్టంతో దుమ్ము తీయాలి.

తీసి సర్దేటప్పుడు ఫెల్టు వైపు బయటికి ఉండేలా చుట్టాలి, లోపలికి చుడితే అక్షరాలు ముడతలు పడతాయి. మధ్యలో ఆమ్లం లేని టిష్యూ కాగితం వేయాలి. ప్రతి పలక వెనకా నాడా మీద కుట్టిన అంకె ఉంటుంది. ఆ అంకెకు ఎదురుగా ఒక పట్టికలో చేసినవారి పేరు (వాళ్లు ఒప్పుకుంటేనే), ఉన్ని రకం, దారం, కార్నిష్ పదబంధం, దాన్ని ఒక భాషాభిమాని పలికిన రికార్డింగు ఫైలు పేరు రాసి ఉంటాయి. పలక పాడైతే ఈ పట్టిక చూసి చేసినవారినే ముందు అడగాలి. వాళ్లు కుట్టలేకపోతే కొత్త పలకకు కొత్త అంకె వేయాలి, పాత అంకెను ఇంకెవరికీ ఇవ్వకూడదు. ప్రదర్శనలన్నీ అయ్యాక పలకలు ఎవరివి వాళ్లకు తిరిగి ఇస్తామా, మొత్తం ఒకచోట ఉంచుతామా అన్నది మొదటి సమావేశంలోనే కాగితం మీద రాసి అందరిచేతా సంతకాలు పెట్టించుకోవాలి. చట్రం, రోప్‌లు, క్లాంపులు మాత్రం ఏది ఏమైనా ఒకే పెట్టెలో ఉండాలి. వాటి కొలతల కాగితం పెట్టె మూతకు లోపలి వైపు అంటించి ఉంటుంది.